పెత్తనం పోయిన ఇల్లు: రాబిన్ జెఫ్రీ చరిత్ర రచనలో ప్రాంతీయ రాజకీయాలు, సామాజిక మార్పు

1891 జనవరిలో, నేటి కేరళ దక్షిణ భాగంలో ఉన్న తిరువాన్కూరు సంస్థానం మహారాజుకు పది వేలకు పైగా సంతకాలతో ఒక మహజరు అందింది. సంస్థానంలోని పెద్ద కొలువులన్నీ బయటినుంచి వచ్చిన బ్రాహ్మణుల చేతుల్లోకి పోతున్నాయని, ఈ గడ్డ మీద పుట్టి చదువుకున్నవారికి సొంత రాజ్యంలోనే చోటు లేకుండా పోతున్నదని అందులోని మొర. మలయాళీ మెమోరియల్‌గా చరిత్రకెక్కిన ఆ విన్నపం మీద క్రైస్తవులూ, కింది కులంగా లెక్కకట్టిన ఈళవులూ సంతకాలు చేశారు కానీ దాన్ని ముందుండి నడిపించింది నాయర్లే. ఆ శతాబ్దం మొదట్లో సంస్థానంలో భూమి, ఆయుధం, కచ్చేరీ మూడూ ఎవరి చేతి కింద ఉండేవో ఆ కులమే, నూరేళ్లు తిరగకముందే సర్కారు కొలువు కోసం సంతకాలు పోగుచేసుకునే స్థితికి వచ్చింది. వారిని ఎవరూ యుద్ధంలో ఓడించి ఊళ్ల నుంచి తరిమివేయలేదు, రాజవంశం మారలేదు, ఒక్క చట్టంతో వారి భూములు పోలేదు. అలాంటప్పుడు పెత్తనం ఎలా జారిపోయింది? చరిత్రకారుడు రాబిన్ జెఫ్రీ పరిశోధన జీవితం ఈ ప్రశ్నతో మొదలైంది. తరువాతి నాలుగు దశాబ్దాల్లో ఆయన పంజాబు మీద, స్త్రీల చదువు మీద, దినపత్రికల మీద, చివరకు మొబైల్ ఫోన్ మీద రాసిన పుస్తకాలను వరుసగా చూస్తే, విషయం మారినా అడిగిన ప్రశ్న మాత్రం పెద్దగా మారలేదని తెలుస్తుంది.

జెఫ్రీ కెనడా దేశస్థుడు. విశ్వవిద్యాలయాల్లోకి రాకముందు అక్కడి ఒక దినపత్రికలో పనిచేశారు. 1967 నుంచి 1969 వరకు చండీగఢ్‌లో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఇంగ్లిష్ బోధించారు. 1966 నవంబరులో భాషా ప్రాతిపదికన పంజాబును విడదీసి, చండీగఢ్‌ను కేంద్రపాలిత ప్రాంతంగా చేసిన వెంటనే ఆయన ఆ ఊరికి చేరారన్నది గుర్తుంచుకోదగిన సంగతి. ఆ తరువాత ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ లో పర్యవేక్షణలో పరిశోధన చేసి 1973లో డాక్టరేటు పొందారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో కొన్నేళ్లు పరిశోధకుడిగా ఉండి, 1970ల చివరినుంచి సుమారు పాతికేళ్లు మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించారు. తిరిగి ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి వెళ్లి ఆసియా పసిఫిక్ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. అటుపైన సింగపూర్‌లోని దక్షిణాసియా అధ్యయన సంస్థతో కలిసి పనిచేశారు. ఈ వివరాల్లో రెండు విషయాలు ఆయన రచనను అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. చరిత్ర పరిశోధకుడై ఉండి రాజనీతి బోధించినందువల్ల పాత కాగితాలనూ వర్తమాన ఎన్నికలనూ ఒకే బల్ల మీద పెట్టి చూడటం ఆయనకు అలవాటైంది. పత్రికలో పనిచేసినందువల్ల, వార్త ఎలా తయారవుతుందో, ఎవరి డబ్బుతో అచ్చవుతుందో, ఎవరి ఇంటికి చేరుతుందో అడగాలన్న స్పృహ ముందునుంచీ ఉండి ఉంటుంది.

ఆయన పరిశోధన మొదలుపెట్టిన కాలం భారతదేశ చరిత్ర రచన ప్రాంతం వైపు మళ్లిన కాలం. జాతీయోద్యమాన్ని ఢిల్లీ నుంచో లండన్ నుంచో చూసే పద్ధతి మీద అసంతృప్తి పెరిగి, జిల్లాలోనూ రాష్ట్రంలోనూ అధికారం ఎవరి చేతుల్లో ఎలా నడిచిందో తేల్చాలన్న పట్టుదల వచ్చింది. తెలుగు ప్రాంతానికి సంబంధించి ఈ పని కాస్త ముందే మొదలైంది. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో గుంటూరు జిల్లా మీద ప్రచురించిన అధ్యయనం, కంపెనీ దొరల హుకుం కాగితం మీద నడుస్తుంటే కచ్చేరీ ఉద్యోగులూ గ్రామ కరణాలూ కలిసి అసలు అధికారాన్ని తమ గుప్పిట్లో ఎలా ఉంచుకున్నారో చూపింది. 1970లలో కేంబ్రిడ్జి నుంచి డేవిడ్ వాష్‌బ్రూక్, క్రిస్టఫర్ బేకర్ మద్రాసు ప్రెసిడెన్సీ రాజకీయాలను పదవులు, పరపతి, ముఠాల లెక్కలో విప్పి చెప్పారు. జెఫ్రీ చదివిన ససెక్స్‌లోనే ఆ రోజుల్లో చరిత్రకారుడు రణజిత్ గుహ పాఠాలు చెప్పేవారు. ఆయన చుట్టూ పుట్టిన సబాల్టర్న్ (అణగారిన వర్గాల) అధ్యయనాల తొలి సంపుటం 1982లో వచ్చి, పై వర్గాల లావాదేవీలే రాజకీయం అనుకునే చరిత్రను నిలదీసింది. జెఫ్రీ ఈ రెండు శిబిరాల్లో దేనికీ పూర్తిగా చెందలేదు. ముఠాల లెక్క ఆయనకు సరిపోలేదు, ఎందుకంటే తిరువాన్కూరులో ముఠాలు కట్టుకునే మనుషుల ఇళ్లే మారిపోతున్నాయి. సిద్ధాంత చర్చ మీద ఆయనకు మోజు లేదు. కుటుంబం, చదువు, కొలువు, డబ్బు అనే నాలుగు మామూలు విషయాలు ఒకదానినొకటి ఎలా లాగుతాయో చూడటమే ఆయన మార్గం.

1976లో వెలువడిన ఆయన మొదటి పుస్తకం ‘ది డిక్లైన్ ఆఫ్ నాయర్ డామినెన్స్’ 1847 నుంచి 1908 వరకు తిరువాన్కూరు సమాజ, రాజకీయాలను పరిశీలిస్తుంది. ఈ పుస్తకానికి గుండెకాయ నాయర్ల ఉమ్మడి కుటుంబమైన తరవాడు. అక్కడ వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఆస్తి మేనమామ నుంచి మేనల్లుళ్లకు సంక్రమిస్తుంది. దీన్నే మరుమక్కత్తాయం అంటారు. ఇంటి పెద్ద అయిన మేనమామను కారణవర్ అంటారు, వ్యవహారమంతా ఆయనదే. భార్య తన పుట్టింటి తరవాడులోనే ఉంటుంది, భర్త అక్కడికి వచ్చి పోతుంటాడు, పిల్లలు తల్లి ఇంటివారే అవుతారు. అందరి అంగీకారం లేకుండా ఆస్తి పంచుకోవడానికి వీల్లేదు. పాత కాలంలో ఈ ఏర్పాటుకు తనదైన బలం ఉండేది. భూమి ముక్కలు కాలేదు. ఆయుధం పట్టి ఊరూరా తిరిగే మగవాళ్లు లేకపోయినా ఇల్లు నిలబడేది. ఆడపిల్ల పుడితే వంశం నిలిచిందనుకునేవారు.

ఈ ఏర్పాటు నగదు లోకంలోకి, కోర్టుల లోకంలోకి అడుగుపెట్టినప్పుడు ఏమైందో చెప్పడం జెఫ్రీ రచనలో అన్నిటికంటే పదునైన భాగం. 1860ల నుంచి కాఫీ, కొబ్బరి, మిరియాల వ్యాపారం పెరిగింది. రోడ్లు, కాలువలు వచ్చాయి. 1865లో సర్కారు భూముల కౌలుదారులకు తాము సాగుచేసే భూమిని అమ్ముకునే, కొనుక్కునే హక్కు దక్కింది. భూమి చేతులు మారే సరుకైంది. సిరియన్ క్రైస్తవ కుటుంబంలో తండ్రి సంపాదన కొడుకు పెట్టుబడి అవుతుంది. నాయరు యువకుడు ఇంగ్లిష్ చదివి వకీలైనా గుమాస్తా అయినా, వీలునామా రాయకుండా కన్ను మూస్తే అతని సొంత సంపాదన కూడా భార్యాబిడ్డలకు దక్కకుండా తరవాడుకే పోతుంది. కారణవర్ చేసిన అప్పు ఉమ్మడి ఆస్తికి చెల్లుతుందా లేదా అన్న తగాదాతో కోర్టులు నిండిపోయాయి. అప్పిచ్చినవాడు నష్టపోయాడు, దావా వేసిన మేనల్లుడూ నష్టపోయాడు, లాభపడింది వకీలు. కారణవర్ తన మేనల్లుళ్ల చదువుకు ఖర్చు పెట్టాలా, ధర్మం ప్రకారం తన ఇంటివారు కాని సొంత పిల్లల చదువుకు పెట్టాలా అన్న సంకటం ప్రతి ఇంట్లోనూ చిచ్చు పెట్టింది. ఇంట్లో రగిలిన ఈ చిచ్చే వీధిలో రాజకీయమైందని జెఫ్రీ చూపించిన తీరు, ప్రాంతీయ చరిత్ర రాసేవారు ఈనాటికీ పాఠంగా తీసుకోవలసినది.

అదే సమయంలో కింద నేల కదిలింది. 1855లో సంస్థానంలో బానిసత్వం రద్దయింది. 1859లో, చాలా ఏళ్ల గొడవల తరువాత, కింది కులమనిపించుకున్న చన్నార్ల స్త్రీలు పైవస్త్రం ధరించడానికి అనుమతి ఇస్తూ ప్రకటన వెలువడింది. దక్షిణాన లండన్ మిషన్, మధ్య ప్రాంతంలో చర్చ్ మిషన్ పెట్టిన బడుల్లో అంటరానివారనిపించుకున్న పిల్లలు అక్షరాలు దిద్దారు. ప్రజాపనుల శాఖ కూలి నగదుగా ఇచ్చింది కాబట్టి యజమాని పొలం ఒక్కటే దిక్కు కాకుండా పోయింది. 1891 మహజరు మీద సంతకం చేసిన ఈళవ వైద్యుడు పల్పు, చదువుండి కూడా కులం వల్ల సొంత సంస్థానంలో కొలువు దొరకక మైసూరులో ఉద్యోగం చేశారు. మలయాళీలందరి పేరిట అడిగిన హక్కు ఆచరణలో తమదాకా రాదని గ్రహించిన ఈళవులు 1896లో పదమూడు వేలకు పైగా సంతకాలతో సొంత మహజరు ఇచ్చారు. 1903లో ఈళవుల సంస్కర్త నారాయణ గురువు పేరు మీద ఎస్.ఎన్.డి.పి. (శ్రీ నారాయణ ధర్మ పరిపాలన) యోగం ఏర్పడింది. 1908లో తిరువాన్కూరు మరుమక్కత్తాయం కమిటీ నివేదిక వెలువడింది. తమ బలమనుకున్న తరవాడును తామే విప్పుకోవాలని చదువుకున్న నాయర్లు కోరుకుంటున్న సమయమది. 1912 చట్టంతో మగవాడి స్వార్జితంలో సగం భార్యాబిడ్డలకు దక్కే ఏర్పాటు వచ్చింది. 1925 చట్టంతో తలసరి పంపకానికి దారి తెరుచుకుంది. పుస్తకం 1908 దగ్గర ఆగినా, ఆ రెండు చట్టాల నీడ దాని చివరి పుటల మీద పడుతూనే ఉంటుంది.

ఈ రచనకు పరిమితులు లేకపోలేదు. సంస్థానం రికార్డులు, మిషనరీల ఉత్తరాలు, ఇంగ్లిష్‌లో రాసుకున్న ఫిర్యాదులు ప్రధాన ఆధారాలు కావడం వల్ల, కాగితం రాయగలిగినవారి మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పులయల వంటి పూర్వ బానిస కులాలు ఇతరుల ఉత్తరాల్లో ప్రస్తావనలుగా మిగిలిపోతాయి. 1893లో అడ్డుకున్నవారిని లెక్కచేయక రాజవీధుల్లో ఎడ్లబండి నడిపిన అయ్యంకాళి వంటి వ్యక్తి లోకం ఎలా ఉండేదో తెలియాలంటే వేరే ప్రశ్నలతో వెళ్లాలి. అదే మిషనరీ భాండాగారాలను సనల్ మోహన్ మళ్లీ తిరగేసి, 2015లో ప్రచురించిన గ్రంథంలో బానిస కులాల ప్రార్థనలను, జ్ఞాపకాలను, బాధను చరిత్రగా నిలబెట్టారు. కాగితం పాతదే అయినా అడిగిన ప్రశ్న వేరు కాబట్టి చరిత్ర కొత్తగా వచ్చింది. పుస్తకం పేరులోని ‘డిక్లైన్’, అంటే ‘పతనం’ అన్న మాట మీదా అభ్యంతరం చెప్పవచ్చు. 1914లో పుట్టిన నాయర్ సర్వీస్ సొసైటీ ఈనాటికీ కేరళ రాజకీయాల్లో లెక్కలోకి తీసుకోవలసిన శక్తిగానే ఉంది. పోయింది ఏకఛత్రాధిపత్యం, పలుకుబడి పోలేదు. తిరువాన్కూరు కథే కేరళ కథ కాదన్నది మరొక హెచ్చరిక. ఉత్తరాన బ్రిటిష్ మలబారులో జన్మీలనే భూస్వాములు, మాప్పిళాలనే ముస్లింలు, కౌలు తగాదాలు వేరే దారిలో నడిచాయి. ఆ దారిని దిలీప్ మేనన్ 1994లో వచ్చిన పుస్తకంలో వివరించారు.

మొదటి పుస్తకం తరువాత జెఫ్రీ సంపాదకత్వంలో 1978లో దేశీయ సంస్థానాల మీద ఒక వ్యాస సంకలనం వచ్చింది. తెలుగు పాఠకులకు దానితో దగ్గరి సంబంధం ఉంది. హైదరాబాదు రాజ్యంలో ముల్కీ (స్థానికులు), నాన్ ముల్కీ (బయటివారు) వివాదం మీద కేరెన్ లెనార్డ్ రాసిన దీర్ఘ వ్యాసం అందులోదే. హైదరాబాదు దివాను మొదటి సాలార్ జంగ్ పరిపాలన సంస్కరణల కోసం ఉత్తర హిందూస్థానం నుంచి ఉద్యోగులను రప్పించడంతో మొదలైన ఘర్షణ, 1919 ముల్కీ నిబంధనల మీదుగా, 1952లో విద్యార్థులు వీధికెక్కిన ఉద్యమం దాకా, అటుపైన 1969 దాకా ఎలా సాగిందో తెలంగాణలో తెలియనివారు ఉండరు. తిరువాన్కూరు మలయాళీ మెమోరియల్‌నూ హైదరాబాదు ముల్కీ వాదాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టపడుతుంది. సంస్థానాల్లో ఆధునిక రాజకీయం తెల్లదొర మీద కోపంతో మొదలు కాలేదు, పక్క ప్రాంతం నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్న భారతీయుడి మీద కోపంతో మొదలైంది. స్థానికత అన్నది భావోద్వేగం మాత్రమే కాక, చదువుకున్న తొలి తరం బతుకుతెరువు ప్రశ్న కూడా అని ఆ రెండు చరిత్రలూ కలిసి చెబుతాయి.

అదే సంవత్సరం జెఫ్రీ కేరళలో కమ్యూనిస్టు పార్టీ పుట్టుక మీద రాసిన వ్యాసం మరింత చర్చకు దారితీసింది. తరవాడు కూలిపోయిన ఇళ్ల యువకులకు పాత విలువలు పనికిరాకుండా పోయాయని, పాత పెద్దరికం మీద గౌరవం నశించిన చోట లోకాన్ని కొత్తగా వివరించే మార్క్సిజం వారికి చేతికి దొరికిన ఆసరాలా కనిపించిందని ఆయన వాదన. పేదరికం ఉన్న ప్రతి చోటా కమ్యూనిజం రాలేదు, కేరళలో ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నకు ఇది గట్టి జవాబే. అయితే ఇది నాయకులు ఎలా తయారయ్యారో చెబుతుంది కానీ వారి వెనుక నడిచినవారి గురించి తక్కువ చెబుతుంది. 1946 అక్టోబరులో తిరువాన్కూరులోని పున్నప్ర, వయలార్‌లలో తుపాకులకు ఎదురువెళ్లిన కొబ్బరిపీచు కార్మికులకు, వ్యవసాయ కూలీలకు తరవాడు సంక్షోభం సొంత సంక్షోభం కాదు. ఈ లోటును జెఫ్రీ తానే గుర్తించి ఉంటారనడానికి, 1981లో పున్నప్ర వయలార్ తిరుగుబాటు మీద ప్రత్యేకంగా రాసిన వ్యాసమే ఆధారం.

1984 ఆయన్ను మళ్లీ పంజాబుకు లాక్కువచ్చింది. జూన్‌లో స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్లడం, అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య, ఆ వెంటనే ఢిల్లీలో సిక్కుల ఊచకోత చూసి భారతదేశం విచ్ఛిన్నమవుతోందని విదేశాల్లో రాతలు వెల్లువెత్తాయి. 1986లో జెఫ్రీ ప్రచురించిన పుస్తకం ఆ హడావుడిలో కొట్టుకుపోకుండా, హరిత విప్లవం తెచ్చిన కొత్త సంపద, రోడ్లు, పత్రికలు, క్యాసెట్లు పెంచిన కొత్త సంపర్కం, రాష్ట్రాలను నమ్మని కేంద్రం, ఈ మూడూ కలిసిన చోట మతపరమైన గుర్తింపు ఎలా గట్టిపడిందో పరిశీలించింది. మత విభేదాలు పాత కాలపు అవశేషాలని, అభివృద్ధి వస్తే అవే కరిగిపోతాయని చాలామంది నమ్ముతున్న రోజుల్లో, అభివృద్ధి తెచ్చిన సాధనాలతోనే అవి పదునెక్కుతాయని చెప్పడానికి తెగువ కావాలి. సిక్కు నాయకులు తమ గతాన్ని వర్తమాన వాదనకు తగినట్టు ఎలా మలచుకున్నారో ఆయన వేరే వ్యాసంలో చర్చించారు. దాన్ని ఇప్పుడు చదివినప్పుడు ఒక్క పంజాబే గుర్తుకు రాదు.

మళ్లీ కేరళ. అక్షరాస్యత, శిశు మరణాలు, ఆయుర్దాయం లెక్కల్లో కేరళ సంపన్న దేశాల దరిదాపుల్లో ఉండటం 1970ల నుంచి ఆర్థికవేత్తలను ఆశ్చర్యపరుస్తూ వచ్చింది. ఎంత వ్యత్యాసమో తెలియాలంటే ఒక పోలిక చాలు. 1951లో కేరళ అక్షరాస్యత సుమారు 47 శాతం. నలభై ఏళ్ల తరువాత, 1991 జనగణనలో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44.1 శాతం. అప్పటికి కేరళ 89.8 శాతానికి చేరుకుంది. దీనికి కారణం కమ్యూనిస్టు ప్రభుత్వాలా, మిషనరీలా, మహారాజులా అన్న వాదం తెగకుండా సాగుతుంటే, 1987లో జెఫ్రీ ఒక వ్యాసంలో స్త్రీల వైపు చూపు తిప్పారు. 1817లోనే చదువు ఖర్చు రాజ్యం భరించాలని తిరువాన్కూరు రాణి పార్వతీబాయి పేర వెలువడిన ప్రకటనను ఎందరో చెప్పుకుంటారు. ప్రకటన వెలువడినంతమాత్రాన ఆడపిల్ల బడికి పోదు. మాతృవంశ సంప్రదాయం ఉన్న కులాల్లో ఆడపిల్ల బయట తిరగడం, చదవడం, జీతం తెచ్చుకోవడం పరువు తక్కువ పని కాదు కాబట్టి బడి తలుపు తెరవగానే వారు లోపలికి నడిచారు. వారే ఉపాధ్యాయినులై, నర్సులై తరువాతి తరాన్ని లాక్కువచ్చారు. 1992లో వచ్చిన ‘పాలిటిక్స్, విమెన్ అండ్ వెల్‌బీయింగ్’ ఈ వాదాన్ని రాజకీయంతో జోడించింది. చదువుకున్న స్త్రీ ఆసుపత్రికి వెళుతుంది, అక్కడ వైద్యుడు లేకపోతే ఊరు ధర్నా చేస్తుంది, రెండూ ఉంటేనే ఆసుపత్రి పనిచేస్తుంది. పుస్తకం ఉపశీర్షికలో ‘నమూనా’ అన్న మాటను ఉద్ధరణ చిహ్నాల్లో పెట్టడం గమనించదగినది. నాయర్ల ఇళ్లలో శతాబ్దం పాటు జరిగిన కూలుబాటు వల్ల పుట్టిన పరిస్థితిని మరో రాష్ట్రం ప్రభుత్వ ఉత్తర్వుతో తెచ్చుకోలేదన్న ఎరుక ఆ చిహ్నాల్లో ఉంది.

ఈ వాదానికి గట్టి ఎదురుమాట కేరళ నుంచే వచ్చింది. స్త్రీలు చదువుకున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు, అయినా శాసనసభలోనూ పార్టీ నాయకత్వంలోనూ కనిపించరెందుకని జె. దేవిక వంటి చరిత్రకారులు నిలదీశారు. సంస్కరణోద్యమాలు స్త్రీని చదివించి ఆదర్శ గృహిణిగా కొత్త గదిలో కూర్చోబెట్టాయన్నది దేవిక విశ్లేషణ. తరవాడు కూలినప్పుడు భార్యాబిడ్డలకు తండ్రి ఆస్తి దక్కింది, నిజమే, కానీ పుట్టింట్లో స్త్రీకున్న స్థానం కూడా అదే దెబ్బతో పోయింది. జెఫ్రీ కొత్త సంకెళ్ల కంటే పాత స్వేచ్ఛ వారసత్వం మీద ఎక్కువ దృష్టి పెట్టారన్న విమర్శ న్యాయమైనదే. మత్స్యకారులు, ఆదివాసులు ఆ సగటు లెక్కలకు వెలుపలే ఉండిపోయారని జాన్ కురియన్ 1995లో చూపారు. సగటు ఎంత ఎత్తుగా ఉంటే దాని వెలుపల ఉన్నవారు అంతగా కనిపించకుండా పోతారన్న ప్రమాదం, తలసరి ఆదాయం లెక్కలతో మురిసిపోయే ఏ రాష్ట్రానికైనా వర్తిస్తుంది.

కేరళ అక్షరాస్యత నుంచి కేరళ చదివే పత్రికకు రావడం సహజమైన అడుగు. మలయాళ మనోరమ 1890 నుంచి వెలువడుతున్నది. 1938లో తిరువాన్కూరు దివాను సి.పి. రామస్వామి అయ్యర్ దాన్ని మూయించారు. పత్రిక అంటే దివానులు భయపడే ప్రాంతం అది. జెఫ్రీ 1980ల చివరినుంచి దేశ భాషల దినపత్రికలను పట్టుకుని పదేళ్లకు పైగా ఊరూరా తిరిగారు. ఇరవై పట్టణాల్లో బస చేసి, 250 మందికి పైగా సంపాదకులనూ యజమానులనూ విలేకరులనూ పంపిణీదారులనూ కలిశారు. 2000లో వచ్చిన ‘ఇండియాస్ న్యూస్‌పేపర్ రివల్యూషన్’ ఆ తిరుగుడు ఫలితం. 1977లో ఎమర్జెన్సీ తొలగాక భాషా పత్రికలు ఒక్కసారిగా పెరగడానికి ఆయన చూపిన కారణాలు ఐదు: ఆఫ్‌సెట్, కంప్యూటర్ కూర్పు వంటి సాంకేతికత, పెరిగిన అక్షరాస్యత, చేతిలో ఆడిన డబ్బు, యజమానుల దూకుడు, రాజకీయాల వేడి.

ఈ పుస్తకంలో తెలుగు నేలది పెద్ద పాత్ర. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, అప్పటిదాకా విజయవాడ, హైదరాబాదు నగరాల నుంచి రైలు వచ్చే వేళకు పత్రిక చేరే ప్రాంతంలో తెల్లవారకముందే గుమ్మంలో పడటాన్ని అలవాటు చేసింది. 1989లో జిల్లా అనుబంధాలు పెట్టి ఊరి వార్తను, దానితో పాటు ఊరి దుకాణం ప్రకటనను అచ్చులోకి తెచ్చింది. రాష్ట్ర స్థాయి పత్రికలో ప్రకటన వేసే స్తోమత లేని వస్త్ర దుకాణదారు జిల్లా పేజీలో వేయగలడు, మండల కేంద్రంలో జరిగిన గొడవ రాజధానిలో ఎవరికీ పట్టకపోయినా జిల్లా పేజీకి అదే పతాక వార్త. ఈ రెండూ ఒకే యంత్రానికి రెండు చక్రాలని గుర్తించడం జెఫ్రీ విశ్లేషణలో కీలకం. 1982లో పుట్టిన తెలుగుదేశం పార్టీ తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడంలో, 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం జిల్లాలు దాటడంలో పత్రికల పాత్ర ఎంతన్నది మనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. జెఫ్రీ 1997లో తెలుగు దినపత్రికల మీద విడిగా రాసిన వ్యాసం పెరుగుదలనూ వైఫల్యాన్నీ రెండింటినీ శీర్షికలోనే పెట్టుకుంది. 1908లో పుట్టి జాతీయోద్యమానికి గొంతుకైన ఆంధ్రపత్రిక 1990ల ఆరంభంలో మూతపడింది. ఉద్యమం నడిపే పత్రికకూ వ్యాపారం నడిపే పత్రికకూ కావలసిన సరంజామా వేరని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

2009లో రాసిన వ్యాసంలో ఆయన పత్రికల చరిత్రను మూడు దశలుగా చూశారు. మొదట పత్రిక అరుదు, గొప్పవారి ఇళ్లలోనే ఉంటుంది. తరువాత కొరత దశ, ఒక్క ప్రతి చుట్టూ పదిమంది కూడతారు, ఒకరు బిగ్గరగా చదువుతారు, మిగిలినవారు వాదిస్తారు. చివరిది అందరికీ అందే దశ, ఎవరి ప్రతి వారింట్లోనే ఉంటుంది, వాదించుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. రాజకీయంగా పత్రిక అన్నిటికంటే శక్తిమంతంగా ఉండేది ఆ మధ్య దశలోనే అన్న సూచన చాలా విలువైనది. 1914లో బెజవాడలో సంఘంగా కూడిన ఆంధ్రదేశ గ్రంథాలయ ఉద్యమాన్ని, ఊరి పఠనాలయంలో సాయంత్రం పూట పత్రిక చదివి వినిపించే సంప్రదాయాన్ని ఈ కొలమానంతో చూస్తే, జాతీయోద్యమంలోనూ ఆ తరువాతి వామపక్ష ఉద్యమాల్లోనూ దాని స్థానం మరింత బాగా అర్థమవుతుంది.

ఆ తరువాతి పుస్తకాలు రెండూ మానవశాస్త్రజ్ఞుడు అస్సా డోరన్‌తో కలిసి రాసినవి: 2013లో మొబైల్ ఫోన్ మీద, 2018లో చెత్త మీద. వాటిలో విస్తృతి ఎక్కువ, తిరువాన్కూరు పుస్తకంలోని లోతు తక్కువ. కానీ అత్తగారి కళ్ల ముందు కొత్త కోడలు పుట్టింటికి ఫోను చేయవచ్చా అన్న తగాదాలో, కారణవర్ ముందు మేనల్లుడు దావా వేయవచ్చా అన్న తగాదాకు వారసత్వం కనిపిస్తుంది.

పత్రికల పరిశోధనలో జెఫ్రీ గమనించిన ఒక లోటు ఆయన్ను చివరిదాకా వెంటాడింది. పదేళ్లు తిరిగినా ఏ దినపత్రికలోనూ తనకు తెలిసి ఒక్క దళిత విలేకరి కూడా ఎదురుపడలేదని ఆయన రాసుకున్నారు. 2006లో ఢిల్లీలోని జాతీయ మీడియాలో నిర్ణయాలు తీసుకునే 315 మందిని సర్వే చేస్తే దళితులు, ఆదివాసులు ఒక్కరూ తేలలేదు. 2012 మార్చిలో సంపాదకుల సంఘం ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసంలో, ఆ సంపాదకుల ఎదుటే నిలబడి జెఫ్రీ ఈ విషయాన్నే ఎత్తిచూపారు. దేశ జనాభాలో ఆరో వంతు ఉన్న దళితులు న్యూస్‌రూమ్‌లో లేనప్పుడు వార్త ఎలా ఉంటుందన్న ప్రశ్న అది. తిరువాన్కూరులో కొలువుల లెక్క తీసి అధికారం ఎవరిదో తేల్చిన పద్ధతే ఇక్కడా పనికొచ్చింది.

ఆ పద్ధతిని తెలుగు పల్లెకు ప్రయోగిస్తే వెంటనే కళ్ల ముందు నిలిచేది కరణం ఇల్లు. ఫ్రైకెన్‌బర్గ్ చూసిన గుంటూరులో దొరల్నే ఆడించిన కరణీకం, 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో రద్దయింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అయితే ఆర్డినెన్సు నాటికి ఆ ఇళ్లలో ఎన్ని అప్పటికే ఖాళీ అయ్యాయి? పొలాలు ఎవరికి, ఏ దశాబ్దంలో అమ్మారు, కొన్నవారు ఏ పంట డబ్బుతో కొన్నారు? కొడుకులు ఏ ఊళ్లో చదివారు, కూతుళ్లు ఎప్పుడు ఉద్యోగాలకు వెళ్లారు? లెక్కల పుస్తకం కరణం చేతినుంచి పోయాక ఊళ్లో భూమి తగాదా ఎవరి ముందుకు వెళ్లింది? వీటికి సమాధానాలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లోని పాత దస్తావేజుల్లో, మున్సిఫ్ కోర్టుల దావాల్లో, జిల్లా అనుబంధాల పాత ప్రతుల్లో, ఇంకా బతికి ఉన్న ముసలివారి నోళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్లలో పుట్టినవారు ఇప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉన్నారు.